రెండు చెక్క ఫ్లోర్లు, ఎత్తులో తేడా: మధ్యలో ఏ పట్టీ వేయాలి?

ప్రశ్న:
హాల్లో పాత టేకు పలకల ఫ్లోర్ ఉంది. పక్క గదిలో ఈమధ్యే లామినేట్ వేయించాం. తలుపు కింద రెండూ కలిసేచోట వేలు దూరేంత సందు ఉంది, పైగా హాలు వైపు ఎత్తు. మొన్న రాత్రి చీకట్లో బొటనవేలు తగిలి గోరు నల్లబడింది. టీ ఆకారం పట్టీ ఒకటి నచ్చింది. అది అతికించేస్తే సరిపోతుందా?

జవాబు 1:
మేం వెనక జిగురున్న పట్టీ అతికించాం. రెండేళ్లయింది, కదల్లేదు. మీరూ అదే చేయండి.

జవాబు 2:
పైవారి ఇంట్లో రెండు ఫ్లోర్లూ ఒకే ఎత్తులో ఉండి ఉంటాయి. టీ పట్టీ పనికొచ్చేది అక్కడే. తేడా రెండు, మూడు మి.మీ. దాటితే ఒక రెక్క గాల్లో ఉంటుంది, తొక్కినప్పుడల్లా కిర్రుమంటుంది. జిగురు ఎన్నాళ్లని పట్టుకుంటుంది? మీకు కావలసింది ఒకవైపు ఏటవాలుగా దిగే పట్టీ, రెడ్యూసర్ అంటారు. ముందు తేడా ఎంతో చెప్పండి. ఎత్తు ఫ్లోర్ మీద స్టీలు స్కేలు పెట్టి పల్లం వైపుకి చాపి, దాని కింద అంచు నుంచి లామినేట్ దాకా కొలవండి. రెండు చివర్లా, మధ్యలో.

అడిగినవారు:
ఒక చివర 7, మధ్యలో 8, ఇంకో చివర 9 మి.మీ. సందు వెడల్పు 20.

జవాబు 2:
అలా హెచ్చుతగ్గులుంటే చెక్క రెడ్యూసర్ కన్నా అల్యూమినియం రెండు ముక్కల రకం మేలు. కింద ముక్కని సందులో గచ్చుకి స్క్రూలతో బిగిస్తారు, పైముక్క దాంట్లో నొక్కుకుని తేడాకి తగ్గట్టు వాలుతుంది. కొనేముందు అది 9 మి.మీ. వరకు వాలుతుందో లేదో ప్యాకెట్ మీద చూడండి. చెక్కదే కావాలంటే 9కి తీసుకుని అడుగున చిత్రిక పట్టించాలి. పల్లపు అంచుని మరీ కాగితంలా పల్చన చేయించొద్దు, పెచ్చు లేస్తుంది. రెండు మి.మీ. మందం ఉంచండి.

వాలు ఎంతుండాలన్నది కూడా ముఖ్యమే. అమెరికాలో వికలాంగుల సౌకర్యాలకు పెట్టిన ఏడీఏ ప్రమాణాల ప్రకారం 6.4 మి.మీ. దాకా నిట్టనిలువుగా ఉన్నా ఫర్వాలేదు. ఆపైన 13 వరకు, ప్రతి ఒక మి.మీ. ఎత్తుకీ కనీసం రెండు మి.మీ. పొడవున్న వాలు ఉండాలి. ఇంట్లో నేనైతే దానికి రెట్టింపు చూస్తాను. మీ 9కి 35, 40 మి.మీ. వెడల్పు వాలు ఉంటే కాలికి తెలియదు.

ఒక్కటి మాత్రం మరిచిపోవద్దు. స్క్రూ గచ్చులోకే దిగాలి, లామినేట్‌లోంచి పోనివ్వకండి. లామినేట్ కింద ఫోమ్ మీద తేలుతూ ఉంటుంది, తేమకి సాగుతుంది, ఎండకి ముడుచుకుంటుంది. ఒకచోట బిగించేస్తే ఇంకోచోట ఉబ్బుతుంది. అందుకే సందులో లామినేట్ పక్కన 8 నుంచి 10 మి.మీ. ఖాళీగా వదిలి, కింద ముక్కని టేకు వైపుకి జరిపి బిగించండి. ఆ ఖాళీలో లప్పం గానీ సిమెంటు గానీ పెట్టొద్దు.

జవాబు 3:
తలుపు ఎటు తెరుచుకుంటుంది?

అడిగినవారు:
లామినేట్ గదిలోకే. తలుపు కింద 10 మి.మీ. ఖాళీ ఉంది.

జవాబు 3:
అనుకున్నాను. పట్టీ అంచు టేకు మీదకి ఎక్కి కూర్చుంటుంది కదా, దానిదే మందం రెండు, మూడు మి.మీ. అంటే ఎత్తైన చోట లామినేట్ నుంచి 12 దాకా వస్తుంది. తలుపు రాసుకుంటుంది. అట్టముక్కలు 12 మి.మీ. ఎత్తు పేర్చి, పట్టీ వచ్చేచోట పెట్టి తలుపు మెల్లగా తిప్పి చూడండి. తగిలితే తలుపు అడుగున 4 మి.మీ. కోయించాలి. పట్టీ వేశాక కోయిస్తే తలుపు ఊడదీసే పని రెండుసార్లు.

అడిగినవారు:
పెట్టి చూశాను, గట్టిగానే తగిలింది. వడ్రంగికి ఫోన్ చేశాను. ముందు తలుపు, తర్వాతే పట్టీ. గచ్చులో రంధ్రాలు వేసేముందు అడుగున పైపుగానీ వైరుగానీ ఉందేమో చూసుకోమని ఆయనే అన్నాడు.