ట్రక్ క్యాంపర్ మంచినీళ్ల ట్యాంకు: నీళ్ల వాసన, దానంతటదే తిరిగే పంపు, నమ్మలేని మీటరు

కొత్తబండి:

అందరికీ నమస్కారం. పికప్ ట్రక్కు మీద ఎక్కించుకునే క్యాంపర్ (ప్రయాణాల్లో ఉండడానికి వాడే చిన్న గది) ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాం. మంచినీళ్ల ట్యాంకు 110 లీటర్లది, సోఫా కింద ఉంది. నాలుగు విషయాల్లో మీ సలహా కావాలి.

ఒకటి, బండి కొన్నాళ్లు కదలకుండా ఉంటే కుళాయి నీళ్లకు తడిగుడ్డ వాసన వస్తోంది. పిల్లలు ఆ నీళ్లతోనే పళ్లు తోముకుంటారు, అందుకే టెన్షన్‌గా ఉంది. రెండు, రాత్రి కుళాయిలన్నీ కట్టేసి పడుకున్నాక కూడా పంపు ఉండుండి ఒక్క క్షణం తిరిగి ఆగిపోతుంది. మూడు, క్యాంపింగ్ చోట బయటి కుళాయికి గొట్టం తగిలిస్తే కాసేపటికి ట్యాంకు దానంతటదే నిండి, బండి పక్కనుంచి నీళ్లు కారుతున్నాయి. నాలుగు, ట్యాంకు ఖాళీ చేసినా మీటరు మూడింట రెండొంతులు ఉన్నట్టు చూపిస్తోంది.

బ్లీచ్ పోసి కడగమని కొందరన్నారు. ఎంత పోయాలో, పోస్తే ప్రమాదమో కాదో తెలియక ఆగాను.

పైపులపని:

ఆగి మంచి పని చేశారండీ. నేను క్యాంపర్ల ప్లంబింగ్ పనే చేస్తాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

బ్లీచ్ కంటే ముందు మూడు గ్లాసులు పట్టుకోండి. ట్యాంకు డ్రెయిన్ వాల్వు నుంచి నేరుగా ఒకటి, చన్నీళ్ల కుళాయి నుంచి ఒకటి, వేణ్ణీళ్ల కుళాయి నుంచి ఒకటి. విడివిడిగా వాసన చూడండి. డ్రెయిన్ గ్లాసు వాసనొస్తే తప్పు ట్యాంకుది. అది బాగుండి చన్నీళ్ల గ్లాసు మాత్రమే వాసనొస్తే పైపుల్లోనో, మధ్యలో ఉన్న ఫిల్టర్లోనో ఉంది. వేణ్ణీళ్లకే కుళ్లిన గుడ్డు వాసన వస్తే గీజర్ సంగతి. స్టీలు ట్యాంకు ఉన్న గీజర్లలో తుప్పు పట్టకుండా మెగ్నీషియం కడ్డీ పెడతారు. నీళ్లు నిలవుంటే కొన్ని రకాల బ్యాక్టీరియా దాని దగ్గర చేరి ఆ వాసన పుట్టిస్తాయి. మంచినీళ్ల ట్యాంకును ఎన్నిసార్లు కడిగినా అది పోదు.

ఇక బ్లీచ్. సువాసన కలపని మామూలు ద్రవ బ్లీచే వాడాలి. బ్లీచింగ్ పౌడర్ వద్దు, సున్నం మడ్డి అడుగున పేరుకుంటుంది. 5 శాతం బలమున్న బ్లీచ్ అయితే లీటరు నీళ్లకు 1 మిల్లీలీటరు చొప్పున కలపండి. మీ ట్యాంకుకు 110 మిల్లీలీటర్లు. అంటే లీటరు నీళ్లలో దాదాపు 50 మిల్లీగ్రాముల క్లోరిన్. ఎప్పుడో తెరిచిన సీసా వద్దు, బ్లీచ్ బలం కాలంతో తగ్గిపోతుంది. సీసా నుంచి నేరుగా ట్యాంకులోకి పోయకండి, ముందు బకెట్ నీళ్లలో కలపండి.

ఫిల్టర్ కాట్రిడ్జ్‌లన్నీ తీసేయండి. ట్యాంకు సగం నింపి, బకెట్ నీళ్లు పోసి, తర్వాత అంచుదాకా నింపండి. పై గోడకు కూడా మందు తగలాలంటే అంచుదాకా నిండాల్సిందే. పంపు వేసి ఒక్కో కుళాయి దగ్గర క్లోరిన్ వాసన వచ్చేదాకా వదలండి. చాలామంది వంటింటి కుళాయి, బాత్రూం కుళాయి చూసుకుని సరిపెడతారు. బయటి షవర్, టాయిలెట్‌కు వెళ్లే సన్న పైపు, డ్రెయిన్ వాల్వు ముందుండే చిన్న ముక్క మర్చిపోతారు. నీళ్లు కదలని ఆ మూలల్లోనే పాకుడు పడుతుంది. 4 గంటలు అలా ఉంచి మొత్తం వదిలేసి, వాసన పోయేదాకా మంచినీళ్లతో నింపి ఖాళీ చేయండి.

టార్చి వేసి మూతలోంచి చూస్తే గోడలకు పాకుడు కనిపిస్తోందా? అయితే ఒక్కసారి బ్లీచ్ చాలదు. క్లోరిన్ అంతా ఆ జిగురు పైపొర మీదే ఖర్చయిపోతుంది, లోపలిది బతికే ఉంటుంది. మొదట ఒకసారి కడిగి పారబోసి, కొత్త మందుతో మళ్లీ చేయండి.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నాను. బ్లీచ్‌లో వెనిగర్ కానీ ఇంకే క్లీనర్ కానీ కలపొద్దు. విషవాయువు పుడుతుంది, క్యాంపర్ లోపల ఉండేదే ఇరుకు గది.

దూరప్రయాణం:

పైపులపని గారు పంపు సంగతి వదిలేశారు, అది నేను చెప్తాను. మీరు రెండు, మూడు అని రాసినవి నా అంచనాలో ఒకటే జబ్బు. పంపులో నీళ్లు వెనక్కి పోకుండా ఆపే ఒన్‌వే వాల్వు ఉంటుంది. అది సరిగ్గా మూసుకోకపోతే పైపుల్లోని ప్రెషర్ మెల్లగా ట్యాంకులోకి జారిపోతుంది, దాన్ని నింపడానికి పంపు ఉలిక్కిపడి తిరుగుతుంది. బయటి కుళాయి తగిలించినప్పుడు అదే దారిలో నీళ్లు వెనక్కి వెళ్లి ట్యాంకును నింపేస్తాయి.

ముందుగా పైపుల జాయింట్ల కింద పొడి కాగితాలు పరిచి ఒక రాత్రి ఉంచండి. ఏదైనా తడిస్తే లీకు బయటే ఉంది. ఏదీ తడవకపోతే వాల్వే. చాలాసార్లు ఇసుక రేణువు ఇరుక్కుంటుంది. పంపు ముందున్న జల్లెడ కడిగి, కుళాయిలు పూర్తిగా తెరిచి పంపు తిప్పి చూడండి. దారికి రాకపోతే పంపు తల భాగం మార్చాలి. అది బాగయ్యేదాకా బయటి గొట్టం తగిలించి ఎక్కడికీ వెళ్లకండి. ట్యాంకులోని గాలి బయటికి పోయే గొట్టం మూసుకుపోయి ఉంటే ట్యాంకు ఉబ్బి పగులుతుంది.

వాసన రాకుండా గొట్టం మొదట్లోనే కార్బన్ ఫిల్టర్ పెట్టుకోండి. నేను అలాగే నింపుతాను.

పైపులపని:

పంపు గురించి మీరన్నది ముమ్మాటికీ నిజం. ఫిల్టర్ దగ్గర మాత్రం ఒప్పుకోలేను. కార్బన్ చేసే పనే క్లోరిన్‌ను పీల్చేయడం. ఊరి కుళాయి నీళ్లలో ఉండే ఆ కాస్త క్లోరినే ట్యాంకులో నీళ్లను కాపాడుతుంది. దాన్ని తలుపు దగ్గరే తీసేసి, రక్షణ లేని నీళ్లను వెచ్చటి ప్లాస్టిక్ డబ్బాలో వారాలు నిలవ పెడుతున్నాం. గొట్టం దగ్గర మట్టిని ఆపే ఫిల్టర్ చాలు. కార్బన్‌ది తాగే కుళాయి దగ్గర పెట్టండి.

దూరప్రయాణం:

నింపిన నీళ్లు రెండు మూడు రోజుల్లో వాడేస్తాను కాబట్టి నాకు ఇబ్బంది రాలేదేమో. మీరు చెప్పిన కారణం సబబే, మార్చుకుంటాను.

కొత్తబండి:

ఇద్దరికీ చాలా థ్యాంక్స్. మూడు గ్లాసులు పట్టాను. డ్రెయిన్ గ్లాసు శుభ్రంగా ఉంది, చన్నీళ్ల గ్లాసు గుప్పుమంది. సింకు వెనక ఫిల్టర్ డబ్బా ఉందని అప్పుడే తెలిసింది, లోపల పాత యజమాని నాటి కాట్రిడ్జ్ నల్లగా ఉంది. కాగితాలు ఒక్కటీ తడవలేదు, పంపు తల ఆర్డర్ పెట్టాను. మీటరు సంగతి, చలికాలం సంగతి కూడా చెప్తారా? నిండు ట్యాంకుతో నడపొచ్చా?

పైపులపని:

కాట్రిడ్జ్ పారేయండి. డబ్బా ఖాళీగానే బిగించి బ్లీచ్ పని చేయండి, దాని గోడలు కూడా శుభ్రపడతాయి. క్లోరిన్ వాసన పూర్తిగా పోయాకే కొత్తది వేయండి.

మీటరుకు ట్యాంకు పక్క గోడలో వేర్వేరు ఎత్తుల్లో మేకుల్లాంటివి ఉంటాయి. నీళ్లు ఎక్కడిదాకా తగిలితే అక్కడిదాకా దీపం వెలుగుతుంది. వాటి మధ్య ఉప్పు పొర, పాకుడు పేరుకుంటే ఖాళీ ట్యాంకు కూడా నిండినట్టు కనిపిస్తుంది. బ్లీచ్ కడుగుడుతో సరికావచ్చు, లేకపోతే ఒక్కోటి ఊడదీసి రుద్దాలి. ట్యాంకు సోఫా కిందే ఉంది కాబట్టి నేనైతే మీటరు మానేసి పక్కన ఒక పారదర్శక గొట్టం పెట్టుకుంటాను. వెలుతురు తగిలితే నాచు పడుతుంది, చూడనప్పుడు కప్పి ఉంచండి.

నిండు ట్యాంకంటే నీళ్లే 110 కిలోలు. డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద బండి ఎంత మోయగలదో ఉంటుంది. క్యాంపర్, మనుషులు, సామాను, నీళ్లు అన్నీ కలిపి దానికి లోబడితే నిండుగా నడపండి. లోబడకపోతే దారికి సరిపడా పోసుకుని, చేరే చోట నింపుకోండి. సగం నీళ్లు మలుపుల్లో అటూ ఇటూ ఊగుతాయని మాత్రం గుర్తుంచుకోండి.

గడ్డకట్టే చలి వచ్చేలోగా ట్యాంకు, గీజర్ ఖాళీ చేయాలి. గీజర్ చల్లారి ప్రెషర్ పోయాకే దాని ప్లగ్గు తీయండి. తర్వాత గీజర్‌ను బైపాస్ చేసి, పైపుల్లోకి ప్రొపిలీన్ గ్లైకాల్ రకం యాంటీఫ్రీజ్ (చలికి గడ్డకట్టని ద్రవం) పంపండి. ఇంజన్ రేడియేటర్‌లో పోసే ఎథిలీన్ గ్లైకాల్ విషం, మంచినీళ్ల పైపుల దగ్గరికి రానివ్వొద్దు. ట్యాంకులో పోయకుండా, పంపు పీల్చే గొట్టాన్ని నేరుగా క్యాన్‌లో ముంచండి. ట్యాంకులో పోస్తే ఆ తీపి రుచి వదిలించడానికి వేసవిలో మళ్లీ మళ్లీ కడగాల్సి వస్తుంది. బయటి షవర్ కుళాయి కూడా యాంటీఫ్రీజ్ రంగు నీళ్లు వచ్చేదాకా తిప్పండి.