పెద్దామెకు ఎవరు చెప్పాలి?

ప్రశ్న (ఆదోని):
నేను మా ఆయనకు రెండో భార్యను. పెద్దామె పిల్లలతో పత్తికొండలో ఉంటుంది. ఆయన వారంలో నాలుగు రోజులు అక్కడ, మూడు రోజులు ఇక్కడ ఉంటారు. నాకిప్పుడు ఐదో నెల. గర్భిణులకు చేసే రక్తపరీక్షల్లో నాకు హెచ్‌ఐవీ ఉన్నట్లు తేలడంతో వెంటనే మందులు మొదలుపెట్టారు. డబ్బాను బియ్యం డ్రమ్ములో దాచి, ఆయన నిద్రపోయాక మాత్ర వేసుకుంటున్నాను. చెబితే నావల్లే వచ్చిందని పుట్టింటికి పంపేస్తారేమోనని భయం. పెద్దామెకు చెప్పవలసిన బాధ్యత కూడా నాదేనా?

జవాబు (అనంతపురం, గతంలో కౌన్సెలర్‌ను):
అమ్మా, ముందు బయటపడినవారే జబ్బు తెచ్చినవారు కాదు. గర్భిణులకు పరీక్ష చేస్తారు కాబట్టి మీది ముందు తెలిసింది, అంతే. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఆ పరీక్ష చెప్పదు. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం, మీకు నచ్చజెప్పి చూసి, మీరు చెప్పరని రూఢి చేసుకొని, తాము చెప్పబోతున్నామని మీకు తెలిపిన తర్వాతే వైద్యుడు గానీ కౌన్సెలర్ గానీ మీ భర్తకు చెప్పవచ్చు. అది కూడా మీపై దౌర్జన్యం జరుగుతుందనో, మిమ్మల్ని వదిలేస్తారనో భయపడటానికి తగిన కారణం ఉంటే చెప్పకూడదు. పెద్దామె ఆయన భాగస్వామి, మీకు కాదు. ఆమెకు చెప్పవలసింది ఆయనే. బిడ్డ కోసం తండ్రికి కూడా పరీక్ష అవసరమని చెప్పి, ఆయనను ఐసీటీసీకి (హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్షల కేంద్రం) వెంట తీసుకెళ్లి, కౌన్సెలర్ ఎదుట చెప్పండి. అప్పటిదాకా కండోమ్ తప్పనిసరి.

జవాబు (ప్రొద్దుటూరు):
నేను మా ఇంట్లో పెద్దామెను. పై జవాబు సరైనదే గానీ, ఆయన చెబుతారులే అని నిశ్చింతగా ఉండకండి. మా ఆయన ఎనిమిది నెలలు దాచారు. చివరికి ఆస్తి పంచాయితీలో పదిమంది పెద్దమనుషుల ముందు ఎవరో నోరు జారితే నాకు తెలిసింది. పరీక్షలో నాకేమీ లేదన్నారు, మూడు నెలలకు మళ్లీ చేసినా లేదనే తేలింది. అయినా ఆ పదిమంది నా ముఖంలోకి చూసిన తీరు ఇప్పటికీ మరిచిపోలేదు. ఆయన ఫలితం వచ్చిన వారంలోనే పెద్దామెను ఒంటరిగా పిలిపించి చెప్పించండి.

జవాబు (కర్నూలు):
మాత్ర ఒక్కరోజు కూడా మానకండి. రక్తంలో వైరస్ కనిపించని స్థాయికి తగ్గి అలాగే నిలిస్తే కలయిక ద్వారా సోకదు. కాన్పు ఆసుపత్రిలోనే జరగాలి. పుట్టగానే బిడ్డకు మందు వేస్తారు. సందేహాలుంటే 1097కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
ఆయన సోమవారం ఐసీటీసీకి వస్తానన్నారు. ఎందుకని అడిగితే బిడ్డ కోసమన్నాను, అంతకుమించి నోరు పెగలలేదు. డబ్బా ఇంకా బియ్యంలోనే ఉంది. పెద్దామె మాట ఆయన ఫలితం వచ్చిన రోజే, ఆ కౌన్సెలర్ ముందే ఎత్తుతాను.