బౌద్ధ సలహాలు చదవడం కూడా వ్యసనమేనా? మానేయాలా?

మద్దిలపాలెం_కుర్రోడు (రాత్రి 11:40)
ఏడాదిన్నరగా రోజూ పడుకునే ముందు ఫోన్‌లో బౌద్ధ భిక్షువుల సమాధానాలు, సుత్తాల (బుద్ధుడి ఉపదేశాల) వివరణలు చదువుతున్నాను. మొదట్లో పావుగంట చదివేవాణ్ణి. ఇప్పుడు రాత్రి ఒంటిగంట దాటుతోంది. కోపం వస్తే ఏం చేయాలని ఎవరో అడుగుతారు, దానికి జవాబు, ఆ జవాబు మీద ఇంకో ప్రశ్న, అలా పోతూనే ఉంటుంది. స్క్రీన్‌షాట్లు నాలుగు వందలు దాటాయి. మళ్లీ తెరిచి చూసినవి పది కూడా ఉండవు. మొన్న రాత్రి నెట్ పోతే కాళ్లూ చేతులూ ఆడలేదు. తృష్ణ వదలమనే మాటల మీదే ఇంత తృష్ణ ఏమిటని భయమేసింది. ధ్యానానికి కూర్చున్నది మాత్రం ఈ నెలలో రెండుసార్లే. ఇది ఉపాదానం కిందకి వస్తుందా? పట్టుకుని వదలకపోవడం అంటారే, అది. మానేయమంటారా?

భీమిలి_గాలి (11:58)
మానేయకండి. మంచి మాటలు చదవడం తప్పెలా అవుతుంది? మజ్ఝిమ నికాయం అనే సుత్తాల సంకలనంలో 22వది అలగద్దూపమ సుత్తం. వరద నీరు దాటాల్సిన మనిషి గడ్డి, కొమ్మలు, ఆకులు పోగేసి తెప్ప కట్టుకుంటాడు. అవతలి ఒడ్డు చేరాక దాన్ని నెత్తిన పెట్టుకుని మోయనక్కర్లేదని బుద్ధుడు చెప్పాడు. ఒడ్డు చేరాక అన్నాడు, గమనించండి. నడి నీటిలో ఉన్నవాణ్ణి తెప్ప వదలమంటే మునిగిపోతాడు.

గాజువాక_బి_షిఫ్ట్ (12:05)
తమ్ముడూ, ముందు పడుకో. నైట్ డ్యూటీలు చేసినవాడిగా చెబుతున్నా, నిద్రలేని బుర్రకి ఏదీ ఎక్కదు.

పెందుర్తి_అక్క (ఉదయం 6:20)
భీమిలి గారూ, తెప్ప గురించి చదువుతూ ఇవతలి ఒడ్డునే కూర్చున్నవాళ్ల సంగతేంటి? బుద్ధుడి గాథల సంకలనం ధమ్మపదంలో 19వ గాథ చూడండి. ఎంత వల్లించినా ఆచరించనివాడు పరాయి ఆవుల్ని లెక్కపెట్టే గొల్లవాడి లాంటివాడు అని ఉంది. మా ఇంట్లో మా ఆయనది మూడేళ్లుగా ఇదే వరస. పక్కనే కుక్కర్ ఆరు విజిల్స్ వేసినా వినిపించదు. పిల్ల ఫీజు తేదీ గుర్తుండదు. గట్టిగా అడిగితే "కోపం నీలో పుట్టింది, దాన్ని గమనించు" అంటారు. సింగాలుడనే గృహస్థుడికి బుద్ధుడు తల్లిదండ్రుల్ని ఎలా చూసుకోవాలో, భార్యతో ఎలా ఉండాలో విడివిడిగా చెప్పాడు. అది చదివినట్టు లేరు ఆయన.

భీమిలి_గాలి (6:51)
మేడమ్, మీ ఇంటి గొడవ వేరు, ఈయన ప్రశ్న వేరు. ఆ గాథ తప్పుపట్టింది ఆచరించనివాణ్ణి, చదివేవాణ్ణి కాదు. ఇవతలి ఒడ్డున ఉన్నవాడు కూడా ముందు తెప్ప కట్టుకోవాలి కదా. చదవడమంటే అదే.

పెందుర్తి_అక్క (7:15)
వంట దింపి వచ్చాను. మీరు చెప్పిన తెప్ప సుత్తంలోనే ఆ మనిషి చేతులతో, కాళ్లతో శ్రమపడుతూ దాటాడని ఉంది. పడుకుని చదువుతూ దాటలేదు. తెప్ప కంటే ముందు పాము పోలిక ఉంది, దాన్ని మాత్రం ఎవరూ ఎత్తరు. పామును తోక పట్టుకుంటే వెనక్కి తిరిగి కాటేస్తుంది. చీలిక కర్రతో అదిమి మెడ దగ్గర పట్టుకోవాలి. ఎదుటివాళ్లని తప్పుపట్టడానికి, వాదంలో నెగ్గడానికి ధమ్మం (బుద్ధుడి బోధ) నేర్చుకునేవాళ్లు తోక పట్టుకున్నట్టే అని బుద్ధుడే చెప్పాడు.

భీమిలి_గాలి (7:22)
అంటే నేను వాదంలో నెగ్గడానికి రాస్తున్నానా? తెప్ప ఎప్పుడు వదలాలి అన్నదానికి మీరు ఇంకా జవాబు చెప్పలేదు.

ఎంవీపీ_మాస్టారు (8:30)
ఒక మాట చెప్పి వెళ్తాను. భీమిలి రోడ్డు మీద రోజూ తిరుగుతాం, పక్కనే ఉన్న పాత బౌద్ధారామం తొట్లకొండ ఎక్కి నిదానంగా చూసేవాళ్లు తక్కువ. 1976లో నేవీ వాళ్ల ఏరియల్ సర్వేలో బయటపడింది, 1988 నుంచి 1993 దాకా తవ్వారు. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే ఆ పేరు. స్తూపం ఒక్కటే చూసి దిగిపోకండి. వరసగా ఉన్న గదుల పునాదులు చూడండి, భోజనశాల చూడండి. అక్కడి భిక్షువులు కలిసి ఉన్నారు, కలిసి తిన్నారు. ఒకరు దారి తప్పితే చెప్పడానికి పక్క గదిలో ఇంకొకరు ఉన్నారు. మంచి స్నేహం ఈ మార్గంలో సగం అని శిష్యుడు ఆనందుడంటే, సగం కాదు ఆనందా, మొత్తం అదే అన్నాడు బుద్ధుడు. ఫోన్ నీకు నచ్చినదే మళ్లీ మళ్లీ చూపిస్తుంది బాబూ, నీ తప్పు నీకు చెప్పదు.

భీమిలి_గాలి (8:47)
అందరికీ పక్క గదిలో మనిషి ఉండడు మాస్టారూ.

పెందుర్తి_అక్క (8:55)
ఉన్నా లేనట్టే ఉండేవాళ్ల సంగతి నేను చెబుతాను. మా అమ్మ ఐసీయూలో ఉంది. రాత్రి పదకొండు. బయట ఇనుప కుర్చీల్లో నేనూ, మా ఆయనా కూర్చున్నాం. నాకు ఏడుపు ఆగలేదు. నా ఒళ్లో ఫోన్ మోగింది. చూస్తే అనిత్యం గురించి ఒక పేజీ ఫార్వర్డ్ చేశారు. పక్క కుర్చీలో కూర్చుని! చెయ్యి చాపితే నా భుజం అందుతుంది. దానికి ఉపేక్ష, అంటే సుఖదుఃఖాలకి చలించని సమభావం, అని ఆయన పేరు పెట్టుకున్నారు. ఏమీ పట్టనితనం ఉపేక్షలాగే కనిపిస్తుంది, అందుకే అది ఉపేక్షకి దగ్గరి శత్రువు అని పాత బౌద్ధ వ్యాఖ్యాత బుద్ధఘోషుడు విసుద్ధిమగ్గం అనే తన గ్రంథంలో రాశాడు. మీరు తెప్ప తెప్ప అంటుంటే నాకు ఆ కుర్చీ గుర్తొస్తోంది.

భీమిలి_గాలి (9:20)
మీ ఆయన చేసింది తప్పే. కానీ ఆ తప్పుని అందరి మీదా రుద్దకండి. మా నాన్న 2021 మేలో పోయారు. శ్మశానంలో నలుగురం ఉన్నాం. ఇంటికి ఎవరూ రాలేదు, రాకూడదు కూడా. రాత్రి మూడింటికి నాతో మాట్లాడే మనిషి ఒక్కరు లేరు. అప్పుడు ఎవరో ముక్కూ మొహం తెలియని భిక్షువు రాసిన కిసాగోతమి కథ దొరికింది. చనిపోయిన బిడ్డని ఎత్తుకుని మందు కోసం తిరిగిన తల్లి కథ. చావు ఎరగని ఇంటి నుంచి గుప్పెడు ఆవాలు తెమ్మంటాడు బుద్ధుడు. ఆ కథ ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ఆ చదువుని మీరు వ్యసనం అంటుంటే మా నాన్నని అన్నట్టుంది నాకు.

పెందుర్తి_అక్క (9:41)
మీ నాన్నగారిని నేను ఒక్క మాట అనలేదు.
కానీ ఆ కథ మళ్లీ చూడండి. కిసాగోతమికి బుద్ధుడు అనిత్యం గురించి ఉపన్యాసం ఇచ్చి పంపలేదు. ఇంటింటికీ వెళ్లమన్నాడు. వెళ్లిన ప్రతి గడప దగ్గరా ఒక మనిషి ఆమెతో మాట్లాడారు, మా ఇంట్లో కూడా పోయారమ్మా అని చెప్పారు. నేను అడిగేది అదే. పేజీ వద్దని కాదు, పేజీతో సరిపెట్టొద్దని.

భీమిలి_గాలి (10:02)
నాకు ఆ రోజు గడపలన్నీ మూసి ఉన్నాయి. ఆ పేజీయే గడప అయింది. దాన్ని మాత్రం తక్కువ చేయనివ్వను.
అమ్మగారు ఎలా ఉన్నారు ఇప్పుడు?

పెందుర్తి_అక్క (10:10)
పద్దెనిమిదో రోజున పోయింది.

భీమిలి_గాలి (10:13)
ముందే అడగాల్సింది. తప్పు నాదే అక్కా.

మద్దిలపాలెం_కుర్రోడు (10:30)
ఆఫీసులో కూర్చుని అన్నీ చదివాను. ఒక విషయం నిన్న రాయలేదు. ఈ చదువు మొదలైంది మా అన్నతో మాటలు ఆగిపోయాక. నాన్న స్థలం దగ్గర గొడవ. క్షమ గురించి రాసిన ప్రతి జవాబూ సేవ్ చేసుకున్నాను. వాడికి ఫోన్ చేయలేదు.

గాజువాక_బి_షిఫ్ట్ (10:34)
అన్న ఎక్కడుంటాడు?

మద్దిలపాలెం_కుర్రోడు (10:36)
అక్కయ్యపాలెంలో. బండి మీద పది నిమిషాలు.