కోర్టుకెక్కేవాళ్ళు పెరిగింది పంతాల వల్లేనా?

అంబాజీపేట కొబ్బరి రైతు:
మా చిన్నప్పుడు గట్టు తగువొస్తే రామాలయం అరుగు మీద పెద్దలు కూర్చుని, తాడుతో కొలిపించి పొద్దుగూకేలోపు తేల్చేసేవారు. ఇప్పుడు మూరెడు గట్టుకీ నోటీసే. సెంటు ధర పెరిగింది, ఓర్పు తగ్గింది. అన్నదమ్ములు వాయిదాల దగ్గరే కలుస్తున్నారు.

రాజోలు ఆడపడుచు:
అన్నయ్యగారూ, ఆ అరుగు మీద ఆడవాళ్ళెవరైనా కూర్చున్నారా? మా నాన్నగారి నాలుగెకరాలు పంచిన రోజు అక్కా నేనూ లోపల కాఫీలు కలుపుతున్నాం. "పెళ్ళిలో పసుపు కుంకుమ ఇచ్చేశాం కదా" అన్నారు పెద్దలు. అన్నలు ముగ్గురూ తెల్లకాగితం మీద సంతకాలు పెట్టారు. తగువు లేదనుకున్నారు గానీ, మాకు అడిగే నోరు లేక ఊరుకున్నామండీ.

1985 సెప్టెంబరు 5 నుంచి మన రాష్ట్రంలో పెళ్ళికాని కూతురికి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన వాటా వచ్చింది. 2005లో పెళ్ళైనవాళ్ళకీ వచ్చింది. అప్పటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలను మాత్రం కదపరు. మరి మన ఊళ్ళల్లో ఎంతమంది రిజిస్టరు చేయించారు? ఆ తెల్లకాగితాలే ఇప్పుడు దావాలవుతున్నాయి.

భీమవరం వైపు వరి రైతు:
మా చేను పక్కన రొయ్యల చెరువు తవ్వారు. ఉప్పునీరు ఊటగా దిగి నారు మాడిపోయింది. లీజుదారుడిది మా ఊరు కాదు, ఆసామి ఉండేది హైదరాబాదులో. పెద్దలు కబురు పెడితే ఎవరొస్తారండీ? అప్పట్లో అందరూ ఒకే బోదె నీళ్ళు పెట్టుకునేవాళ్ళు. మాట కాదంటే రేపు నీటి వంతు దగ్గర మొహం చూసుకోవాలి కదా, అందుకే కట్టుబడ్డారు.

అంబాజీపేట కొబ్బరి రైతు:
ఆడపిల్లల సంగతి నేను ఆలోచించలేదమ్మా, ఒప్పుకుంటాను. కానీ మా నాన్న వేసిన దావాకి ఇప్పుడు నేను తిరుగుతున్నాను. ఆయన పోయారు. గెలిచినా ఎవరికి చెప్పను?

రాజోలు ఆడపడుచు:
ఆ భయం మాకూ ఉంది. అందుకే దావా వేయకుండా ముందు లోక్ అదాలత్‌కి వెళ్తున్నాం. కోర్టు ఫీజు లేదు. రాజీ కుదిరితే అది కోర్టు ఇచ్చే డిక్రీతో, అంటే తీర్పుతో సమానం, దాని మీద అప్పీలూ ఉండదు. ఆడవాళ్ళకైతే ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. అర్జీ పెట్టేముందు పెద్దన్నయ్యకి ఫోన్ చేసి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఏ రోజు రమ్మంటారో చెప్పు" అన్నాడు.