రేకుల షెడ్డులో వేడి: పైన తెల్ల రంగా, కింద గ్లాస్ వూలా?

కరీంనగర్_వడ్రంగి
ఊరి బయట 30 బై 60 అడుగుల షెడ్డు మాది. ఇనుప పైపుల మీద కలర్ కోటెడ్ రేకులు, చుట్టూ నడుమెత్తు ఇటుక గోడ, దానిపైన మళ్ళీ రేకే. ఏప్రిల్ వచ్చిందంటే పదకొండుకే లోపల నిలబడలేం. ప్లైవుడ్ మీద ఫెవికాల్ పరిచి సన్‌మైకా అందుకునేలోపే పొర కట్టేస్తోంది, తర్వాత అంచులు లేస్తున్నాయి. సీలింగు కాంట్రాక్టరు థర్మాకోల్ కొట్టిస్తే చాలంటున్నాడు. ఏసీ పెట్టే ఉద్దేశం లేదు. ఏం చేయమంటారు?

ఫ్యాబ్రికేటర్_జగిత్యాల
తమ్ముడూ, సీలింగు జోలికే పోకు. ఎండను రేకు మీదే తిప్పికొట్టాలి. రేకులు శుభ్రంగా కడిగించి కూల్ రూఫ్ పెయింట్, అంటే ఎండను తిప్పికొట్టే తెల్ల రంగు, రెండు పూతలు వేయించు. 2023లో మన రాష్ట్రం కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది ఇందుకే. పైన టర్బో ఫ్యాన్లు (గాలికే తిరుగుతూ లోపలి వేడిని బయటికి లాగేవి) పెట్టు, కింద గోడలో జాలీలు వదులు. కింద నుంచి గాలి రాకపోతే పైన ఎన్ని ఫ్యాన్లు తిరిగినా లాభం లేదు.

పాలిష్_గుంటూరు
థర్మాకోల్ మాత్రం వద్దండీ. ఓ ముక్క మీద థిన్నర్ చుక్క వేసి చూడండి, గుంట పడుతుంది. నిప్పురవ్వ తగిలితే చెప్పక్కర్లేదు.

షెడ్డు_నిజామాబాద్
ఫ్యాబ్రికేటర్ అన్న చెప్పింది సగమే. కరీంనగర్ చుట్టూ గ్రానైట్ క్వారీలు. వేసవి ముదిరేసరికి ఆ తెల్ల రంగు మీద దుమ్ము పేరుకుని మట్టిరంగుకి వస్తుంది. ఏటా ఎక్కి కడిగేదెవరు? మన నెత్తిని కాల్చేది గాలి ఒక్కటే కాదు, కాగిన రేకు నుంచి దిగే సెగ. ఎంత ఫ్యాన్ వేసినా ఆ సెగ ఆగదు. 50 ఎంఎం గ్లాస్ వూల్ (గాజు నారల దూది), కింది ముఖం మెరిసే ఫాయిల్ ఉన్నది, పర్లిన్ల (రేకుల్ని మోసే అడ్డ కమ్మీలు) కింద ఇనుప జాలీ మీద పరవాలి. గ్లాస్ వూల్‌కి నిప్పు అంటుకోదు కూడా.

ఫ్యాబ్రికేటర్_జగిత్యాల
గ్లాస్ వూల్ సంగతి నన్నడుగు. మా బావమరిది గోదాములో ఒకాయన వేసిపోయాడు. స్క్రూల కింద నల్ల రబ్బరు వాషర్లు ఎండకి బీటలు తీశాయి. స్క్రూలన్నీ రేకు గాడిలో కొట్టాడు, గట్టు మీద కాదు. వానాకాలానికి దూది నీళ్ళు తాగి జాలీతో సహా వేలాడింది. ఎలుకలు గూళ్ళు కట్టాయి. ఇక ఫాయిల్ అంటారా, దాని మెరిసే ముఖానికి ఎదురుగా అంగుళం ఖాళీ లేకపోతే అది పనిచేయదు.

షెడ్డు_నిజామాబాద్
స్క్రూ తప్పుగా కొట్టినవాడిది తప్పు, గ్లాస్ వూల్‌ది కాదు. ఫాయిల్ ముఖం కిందికి చూస్తోంది, దాని కింద షెడ్డంతా ఖాళీయే కదా! మెరిసే ముఖం సెగను కిందికి సరిగా వదలదు, కిందికి చూసే ముఖం మీద దుమ్ము కూడా నిలవదు.

ఫ్యాబ్రికేటర్_జగిత్యాల
సరే, ఆ ఖాళీ మాట నిజమే.

ఒహాయో_తెలుగు
ఇక్కడ అమెరికాలో నాకు పోల్ బార్న్ (చెక్క స్తంభాల మీద కట్టిన రేకుల షెడ్డు) వర్క్‌షాప్ ఉంది. చలికాలంలో రేకు లోపలి వైపు చెమ్మ పట్టి పనిముట్ల మీద కారడం మా మొదటి తలనొప్పి. అందుకే గోడలు, పైకప్పు అన్నీ మూసి, ఇన్సులేషన్ చేసి, లోపల హీటరు పెడతాం. మీరు గాలి ఆడనివ్వాలి, మాలా మూసేయొద్దు.

ఫ్యాబ్రికేటర్_జగిత్యాల
అదీ మాట. ఏసీ లేని షెడ్డుకి అంత ఖర్చు దండగ. మేమంతా సిమెంటు రేకుల కింద వెల్డింగ్ చేసి పెరిగినవాళ్ళమే. పనివాళ్ళు రెండు నెలలు ఓర్చుకోలేరా?

షెడ్డు_నిజామాబాద్
ఓర్చుకోలేరు అన్నా. మా దగ్గర ప్లేనర్ (చెక్క చిత్రిక పట్టే మెషిను) నడిపే కుర్రాడు మే నెలలో మధ్యాహ్నం మెషిను పక్కనే కూలబడ్డాడు. ఒళ్ళు కాలిపోతోంది, చెమట లేదు, పిలిస్తే మాట తడబడుతోంది. తడిబట్టలు చుట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. బతికాడు, మళ్ళీ పనికి రాలేదు. మెషిన్లకి కవర్లు కొంటాం, మనిషి నెత్తి మీదికి దండగా? ఆ మాట వెనక్కి తీసుకోండి.

ఫ్యాబ్రికేటర్_జగిత్యాల
మనిషి పోవాలని నేననలేదు. నా బాధ వేరు. లీజు జాగాలో సీలింగు, వైరింగు అన్నీ సొంత డబ్బుతో చేయించుకున్నా. ఖాళీ చేయమన్నప్పుడు ఒక్క రేకు విప్పుకోనివ్వలేదు జాగా ఆయన. అప్పు మాత్రం నేనే తీర్చా. అందుకే ముందు ఇది చెప్పు తమ్ముడూ, జాగా నీదేనా?

కరీంనగర్_వడ్రంగి
లీజే అన్నా. ఇంకా రెండేళ్ళుంది.

ఫ్యాబ్రికేటర్_జగిత్యాల
మరి ఇంతసేపూ చెప్పవేం? ఏది పెట్టినా నట్లు విప్పి తీసుకుపోయేలా పెట్టు, అది నీదేనని లీజు కాగితంలో రాయించు. తెల్ల రంగు జాగా ఆయన ఖర్చుతో వేయమను, రేకు ఆయనదే కదా. ఎండాకాలం ఆరింటికి మొదలుపెట్టి పదకొండుకి ఆపు.

షెడ్డు_నిజామాబాద్
కాగితం మాట ఒప్పుకుంటా. కానీ పదకొండుకి ఆపితే మిగతా గంటల కూలి ఎవరిస్తారు? నువ్వా, వాళ్ళు పోగొట్టుకోవాలా?

కరీంనగర్_వడ్రంగి
మా దగ్గర పీస్ లెక్క, చేసిన పనికే డబ్బు. ఆపితే ఆ డబ్బు వాళ్ళకే పోతుంది. ఆపమంటే వాళ్ళే ఒప్పుకోవట్లేదు.