"నతా వింపి, కుర్మి దా": గాల్ పిల్లా రోమన్ సైనికుడూ ఏ తెలుగులో మాట్లాడాలి?

ప్రశ్న: అందరికీ నమస్కారం. ఒక గాల్ అమ్మాయికీ రోమన్ సైనికుడికీ మధ్య ప్రేమకథ రాస్తున్నాను. రోమన్ సేనాని సీజర్ గాల్ దేశాన్ని, అంటే ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతాన్ని, గెలిచిన తర్వాతి కాలం. కొంత చరిత్ర, కొంత డ్రూయిడ్ల (గాల్ పూజారుల) మాయ. ఇద్దరూ తొలిసారి మాట్లాడుకునే చోట ఆగిపోయాను. "ఓ రోమను వీరుడా" అంటే పద్యనాటకంలా ఉంది. "ఏమోయ్" అంటే మన వీధిలోకి వచ్చేసినట్టుంది. మీరు అనిపించాలా, నువ్వు అనిపించాలా? పగవాళ్ళు ప్రేమలో పడితే ఎలాంటి తెలుగు సరిపోతుంది?

జవాబు: చాలా మంచి ప్రశ్నండీ. దీనికి పనికొచ్చే ఆధారం ఉంది. ఫ్రాన్స్‌లోని ఓతన్ పరిసరాల్లో రోమన్ పాలన కాలం నాటి చిన్న చిన్న రాతి బిళ్ళలు దొరికాయి. ఉన్ని వడికేటప్పుడు కదురు నిలకడగా తిరగడానికి బరువు కోసం గుచ్చేవి. కొన్నింటి మీద మాటలు చెక్కి ఉన్నాయి. వడికే అమ్మాయికి మగవాళ్ళు ఇచ్చిన కానుకలై ఉంటాయని పండితుల ఊహ. వాటిలో నాకు ప్రాణమైనది ఇది: "నతా వింపి, కుర్మి దా". అందమైన పిల్లా, కుర్మి ఇవ్వు అని.

వింపి, కుర్మి గాల్ ప్రజల భాష గాలిష్ మాటలు. వెల్ష్, ఐరిష్ దానికి చుట్టాల భాషలు. అందంగా ఉందనడానికి పాత వెల్ష్‌లో "గ్వింప్" అనేవారు, ఐరిష్‌లో "కుయిర్మ్" అంటే బీరు. "దా" అంటే లాటిన్‌లో ఇవ్వు. "నతా" దగ్గరే చిక్కు. లాటిన్‌లో కూతురన్నా నతాయే, గాలిష్‌లో పిల్ల అన్నా గ్నతా, నతా. ఉన్నవి నాలుగు మాటలు, ఏది ఎవరి సొత్తో గీత గీయలేం. "ఫోన్ చెయ్యి" అనేటప్పుడు మనం రెండు భాషలు కలుపుతున్నామని అనుకోం కదా, ఇదీ అంతే. నతా, గ్నతా మన "జాత"కు అక్కచెల్లెళ్ళు కూడా. ఇలాంటి ఇంకో బిళ్ళ మీద "గెనెతా ఇమి, దగా వింపి" అని ఉంది. నేను మంచిదాన్ని, అందమైన పిల్లను అని. ఆ "ఇమి" సంస్కృతంలో "అస్మి". ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది.

ఇక మీరా, నువ్వా? నా మాట "నువ్వు". ఆనాటి లాటిన్‌లో చక్రవర్తినైనా బానిసనైనా ఒక్కరితో మాట్లాడితే "తూ" అనే. మర్యాద సర్వనామంలో ఉండదు, పిలుపులో ఉంటుంది. ఇంకో బిళ్ళ మీద అచ్చంగా లాటిన్‌లోనే "ఆవే దోమినా, సితియో" అని ఉంది. "దండాలు దొరసానీ, దాహంగా ఉంది." దోమినా అంటే ఇంటి యజమానురాలు, బానిసలు తల వంచి పిలిచే పిలుపు. గెలిచిన వాళ్ళ భాషలో, ఓడిపోయిన దేశంలో ఉన్ని వడికే పిల్లను ఆ పిలుపుతో పిలిచాడు. ఆ చెక్కినవాడు రోమనో, లాటిన్ నేర్చిన గాలో చెప్పలేం. కానీ పాలించే వాళ్ళ మాట ఆమె ముందు చెయ్యి చాపి నీళ్ళడుగుతోంది. మీ కథకు ఇంతకంటే గట్టి పునాది ఉంటుందా?

అందుకే అతని చేత గంభీరమైన సంస్కృత సమాసాలూ, ఆమె చేత అమాయకపు పల్లెమాటలూ పలికించకండి. చాలా అనువాదాల్లో ఇదే జరుగుతుంది, నాకు బాధగా ఉంటుంది. ఓడిపోయిన జాతి అనగానే వచ్చీరాని మాటలు పెడతాం. సీజర్ రాసినదాని ప్రకారమే డ్రూయిడ్ల చదువు కొందరికి ఇరవై ఏళ్ళు పట్టేది, అంతా నోటికి రావలసిందే. అలాంటి చోట పుట్టిన పిల్ల మాటల్లో సామెత ఉంటుంది, లయ ఉంటుంది. తడబడవలసింది అతను. ఆమె భాషలో రెండు మాటలే వచ్చి, వాటినే తిప్పి తిప్పి వాడాలి.

వేరొకరు: ఇంకో బిళ్ళ మీద "మోని గ్నతా, గబి బుద్దుత్తోన్ ఇమోన్" అని ఉందని, దాని అర్థం "రా పిల్లా, నా ముద్దు తీసుకో" అని చదివాను. బుద్దుత్తోన్, ముద్దు ఒకటేనేమో? పైన వచ్చిన "దా" కూడా మన "ఇటు దా"లా ఉంది.

జవాబు: వినడానికి ముచ్చటగా ఉంది గానీ రెండూ కాదండీ. మన "దా" అంటే రమ్మని, ద్రావిడ మాట. లాటిన్ "దా"కు చుట్టం దానం, దాతలలో ఉన్న సంస్కృత ధాతువు. బుద్దుత్తోన్ అంటే ముద్దని కొందరు, మరీ మోటైన అర్థమని కొందరు అంటారు. తెలుగు ముద్దుతో మాత్రం సంబంధం లేదు. నిజమైన చుట్టరికం కావాలంటే "కారు" ఉంది. గాలిష్‌లో కర్రోస్ అంటే బండి. రోమన్లు దాన్ని కర్రుస్ అని తీసుకున్నారు, ఫ్రెంచ్ మీదుగా ఇంగ్లిషుకూ అక్కణ్ణుంచి మనకూ వచ్చింది. గెలిచినవాడే ఓడినవాడి దగ్గర బండికి పేరు నేర్చుకున్నాడు.

ప్రశ్న అడిగినవారు: చాలా థాంక్సండీ. మరి కుర్మిని కల్లు అనొచ్చా? ఆమె చివర్లో అతన్ని "నాథా" అనొచ్చా?

జవాబు: కల్లు వద్దు. ఆ మాట అంటే మన పాఠకుడికి తాటిచెట్టు కనిపిస్తుంది. ఇది ధాన్యంతో కాచేది. కుర్మి అనే ఉంచేయండి, అతను తాగి మొహం చిట్లిస్తే అదేమిటో అర్థమైపోతుంది. ద్రాక్షసారాకు అలవాటైనవాడు కదా. "నాథా" కూడా వద్దు. తొలి రోమన్ చక్రవర్తి ఆగస్టస్ కాలం నుంచి దాదాపు రెండు వందల ఏళ్ళు కొలువులో ఉన్న సైనికుడికి చట్టప్రకారం పెళ్ళి లేదు, సెప్టిమియస్ సెవెరస్ చక్రవర్తి వచ్చాకే ఆ నిషేధం పోయింది. కలిసి బతికారు, పిల్లల్ని కన్నారు, కానీ కాగితం మీద ఆమె భార్య కాదు. మీ కథలో ఆ బాధ రావాలి. ఆమె అతన్ని పేరు పెట్టి పిలవాలి. అతని దళంలో అందరూ అతన్ని ఇంటిపేరుతో పిలిస్తే, సొంత పేరుతో పిలిచేది ఆమె ఒక్కతే కావాలి.

ఇంకొకటి. సీజర్ గాల్ మనుషులతోనే ఒక దళం కట్టి, దానికి "అలౌదా" అని గాల్ పేరే పెట్టాడు. లార్క్ పిట్ట అని అర్థం. మీ సైనికుణ్ణి ఆ దళంలో వేసి చూడండి. రోమన్ కవచం తొడుక్కున్నవాడు ఆమె భాషలోనే నోరు విప్పితే, ఆమె ఎవరిని పగవాడు అనుకోవాలి? అప్పుడు మాత్రం పైన నేను చెప్పిన తడబాటు అక్కర్లేదు, ఆ సంభాషణ అంతా మరోలా రాయాలి.