నాన్నకి ఎక్కిళ్ళు ఆగట్లేదు, ఇంట్లో ఏం చేయొచ్చు?

గోదారిగట్టు:
అందరికీ నమస్కారం. మా నాన్నకి అరవై దాటాయి, సుగరు, బీపీ రెండూ ఉన్నాయి. నిన్న మధ్యాహ్నం బంధువుల పెళ్ళిలో గబగబా తినేసి, పైన చల్లటి సోడా తాగారు. సాయంత్రం నుంచి ఎక్కిళ్ళు. కాసేపు ఆగుతాయి, హమ్మయ్య అనుకునేలోపే మళ్ళీ మొదలు. రాత్రి నిద్రపట్టాక ఆగాయి గానీ పొద్దున కాఫీ తాగగానే మళ్ళీ వచ్చాయి. ఎవరో తలుచుకుంటున్నారని అమ్మ చుట్టాలందరికీ ఫోన్లు చేసింది. పక్కింటాయన వెనక నుంచి గట్టిగా అరిచి భయపెడతానన్నారు, బీపీ ఉన్న మనిషితో ఆ పని వద్దన్నాను. నీళ్ళు ఎన్ని తాగించినా అంతే. చక్కెర వేయమంటున్నారు, సుగరున్నవాళ్ళకి వేయొచ్చా? అన్నం కూడా సరిగ్గా తినలేకపోతున్నారు, చూస్తుంటే టెన్షన్‌గా ఉంది.

పచ్చిమామిడి:
చక్కెర చిట్కా ఉత్తదేం కాదండీ. 1971లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రాశారు, 20 మందికి చెంచాడు పొడి చక్కెర మింగిస్తే 19 మందికి ఆగాయని. నీళ్ళలో కలిపి తాగితే కాదు, పొడిగానే మింగాలి, ఆ పలుకులు గొంతు వెనక గరగరా తగలడమే అసలు సంగతి. గొంతుకి అలా గట్టిగా ఏదో ఒకటి తగలాలి కాబట్టి మీ నాన్నగారికి చక్కెర బదులు నిమ్మచెక్క మీద కాస్త ఉప్పు చల్లి చప్పరించమనండి. మా ఇంట్లో మొదట చేసేది అదే.

ఊపిరి:
అన్నా, ముందు ఎక్కిళ్ళు ఎలా వస్తాయో తెలిస్తే ఏ చిట్కా పట్టుకోవాలో తెలుస్తుంది. ఛాతీకీ పొట్టకీ మధ్య గొడుగులా పరుచుకున్న కండరం ఉంటుంది, డయాఫ్రం. అది ఉన్నట్టుండి బిగుసుకుని గాలిని లోపలికి లాగుతుంది, ఆ వెంటనే గొంతులో స్వరతంత్రులు మూసుకుంటాయి, అదే ఆ చప్పుడు. కడుపు ఉబ్బితే, సోడా గ్యాస్ నిండితే ఆ కండరానికి వెళ్ళే నరాలు రేగుతాయి. ఊపిరి బిగబడితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి ఎక్కిళ్ళు నెమ్మదిస్తాయి. ఎలా చేయాలంటే, కుర్చీలో నిటారుగా కూర్చుని నిండా గాలి పీల్చి బిగబట్టాలి, వదలకుండానే ఇంకొంచెం పీల్చాలి, మళ్ళీ ఇంకొంచెం, ఇక పట్టదు అన్నాక మెల్లగా వదలాలి. కాస్త ఆగి మళ్ళీ చేయాలి. తల తిరిగితే వెంటనే ఆపేయమనండి, పెద్దాయన కదా. ముక్కు మూసుకుని నీళ్ళు చిన్న చిన్న గుక్కలుగా మింగడం కూడా ఇలాంటిదే, గుక్క గుక్కకీ ఊపిరి ఆగుతుంది. కళ్ళు గట్టిగా నొక్కమని కొందరు చెప్తారు, అది మాత్రం చేయొద్దు.

పెరటితులసి:
బాబూ, మా అత్తగారు శొంఠిపొడి తేనెలో రంగరించి నాకించేవారు, నాకు బాగానే పనిచేసేది. సుగరున్నవాళ్ళకి తేనె వద్దు, వేడినీళ్ళలో శొంఠి వేసి గోరువెచ్చగా తాగిస్తే చాలు. ఇది చదివే చంటిపిల్లల తల్లులకి ఒక మాట. ఏడాది నిండని బిడ్డకి ఎక్కిళ్ళొచ్చాయని తేనె నాకించకండమ్మా, ప్రమాదం. పాలు పట్టడం కాసేపు ఆపి, భుజాన వేసుకుని వీపు నిమిరితే తేన్పు వస్తుంది, దాంతో చాలామందికి పోతాయి. నుదుటిన తడి దారప్పోగు పెట్టడం మా ఇంట్లోనూ ఉంది, దానివల్ల హానేం లేదు, కానీ దాన్నే నమ్ముకుని కూర్చోకండి.

గోదారిగట్టు:
అందరికీ థాంక్స్. నిమ్మచెక్క, ఊపిరి బిగబట్టడం రెండూ చేయించాను, కొంచెంసేపు ఆగి మళ్ళీ వచ్చాయి. ఇంకో విషయం, పెళ్ళికి ముందు రోజు మోకాలి నొప్పికి ఇంజెక్షన్ చేయించుకున్నారట, అమ్మ ఇప్పుడు చెప్పింది. దానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉంటుందా?

వార్డుడ్యూటీ:
ఉండొచ్చు తమ్ముడూ. నేను నర్సుని. మోకాలికి ఎక్కువగా ఇచ్చేది స్టెరాయిడ్, డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్లతో కొంతమందికి, ముఖ్యంగా మగవాళ్ళకి, ఎక్కిళ్ళు పట్టుకుంటాయి. చీటీ తీసి ఏ మందో చూడు, ఇచ్చిన డాక్టరుకి ఈరోజే ఫోన్ చేసి చెప్పు. స్టెరాయిడ్‌తో సుగరు కూడా పెరుగుతుంది, ఇంట్లో మిషన్ ఉంటే ఇప్పుడే చెక్ చెయ్యి. 48 గంటలు దాటినా తగ్గకపోతే చిట్కాలు పక్కనపెట్టి తీసుకెళ్ళాల్సిందే, కిడ్నీ పనితీరు, సోడియం చూస్తారు. ఛాతీలో నొప్పి, చెమటలు, మాట ముద్దగా రావడం, తూలడం, మింగలేకపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 48 గంటలు చూడొద్దు, 108కి ఫోన్ చెయ్యి, గుండెపోటులోనూ పక్షవాతంలోనూ ఎక్కిళ్ళు వచ్చే సందర్భాలున్నాయి. ఎక్కిళ్ళు ఆపే మాత్రలు ఉన్నాయి గానీ మెడికల్ షాపులో అడిగి తెచ్చి వేయకు, వాటితో మగత వస్తుంది, బీపీ పడిపోతుంది, కిడ్నీ సరిగ్గా లేనివాళ్ళకి కొన్ని అసలు పడవు. ఈలోపు అన్నం మెత్తగా కలిపి కొంచెం కొంచెంగా పెట్టు, కాఫీ, సోడా ఆపు, తిన్నాక వెంటనే పడుకోనివ్వకు.